బయట 45 డిగ్రీలు.. లోపల మైనస్ 18! సముద్రం మీద రొయ్యల కంటైనర్ ఎలా తట్టుకుంటుంది? ఎక్కడ దెబ్బతింటుంది?

పలాస/టెక్కలి: మే నెల మధ్యాహ్నం భావనపాడు తీరంలో నిలబడితే ఇసుక మీద కాలు పెట్టలేం. సరిగ్గా అలాంటి ఎండలోనే, సంతబొమ్మాళి, వజ్రపుకొత్తూరు వైపు చెరువుల్లో పట్టిన వనామి రొయ్య అమెరికా ప్రయాణం మొదలవుతుంది. చెరువు గట్టు మీద ఐసులో పెడతారు. ప్రాసెసింగ్ ప్లాంటులో తల తీసి, కడిగి, గ్రేడ్ చేసి గడ్డకట్టిస్తారు. ఆ తర్వాత ఎక్కే తెల్ల పెట్టెనే రీఫర్ కంటైనర్ అంటారు. హైవే మీద, విశాఖ పోర్టు రోడ్లో ఈ తెల్ల కంటైనర్లను అందరం చూసే ఉంటాం. ముందు భాగంలో ఫ్యాన్, గ్రిల్, చిన్న స్క్రీన్ ఉంటాయి. పక్కన నిలబడితే వేడి గాలి మొహానికి కొడుతుంది.

ఆ పెట్టె నడిసంద్రంలో వారాల తరబడి మైనస్ 18 డిగ్రీలో, అంతకంటే చల్లగానో ఉండాలి. బయట 45 ఉన్నా సరే. అదెలా సాధ్యం? ఎక్కడ తేడా కొడుతుంది? ఉద్దానం ఊళ్ల నుంచి షిప్పుల్లో ఉద్యోగాలకు వెళ్తున్న కుర్రాళ్లకు దీంతో ఏంటి సంబంధం? వివరంగా చూద్దాం.

ముందు డబ్బు లెక్క. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎంపెడా లెక్కల ప్రకారం 2023-24లో మన దేశం నుంచి 7,16,004 టన్నుల ఫ్రోజెన్ రొయ్యలు విదేశాలకు వెళ్లాయి. విలువ 40,013 కోట్ల రూపాయలు. అంటే సగటున టన్ను 5 లక్షల 60 వేలకు కాస్త తక్కువ. ఒక 40 అడుగుల రీఫర్‌లో 17 టన్నులు వేశారనుకుంటే, ఒక్క పెట్టెలో దాదాపు 95 లక్షల సరుకు ఉన్నట్టు! రొయ్యల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. కాబట్టి ఆ పెట్టెల్లో మన సరుకే ఎక్కువ.

రీఫర్ గడ్డకట్టించదు

చాలామంది పొరపడే పాయింట్ ఇదే. రీఫర్ అంటే పెద్ద డీప్ ఫ్రీజర్ అనుకుంటారు. సరుకు వేస్తే అదే చల్లబడుతుందిలే అనుకుంటారు. కాదు. రొయ్యను గడ్డకట్టించేది ప్లాంటులోని ఫ్రీజర్. అక్కడ మైనస్ 40 దాకా చలి ఉంటుంది. రీఫర్ పని ఆ చలిని కాపాడటమే. బయటి నుంచి గోడల్లోంచి లోపలికి దూరే వేడిని ఎప్పటికప్పుడు తీసి బయట పారేయడానికి సరిపడా శక్తి మాత్రమే దానికి ఉంటుంది.

అందుకే ప్లాంటులో సరిగా గడ్డకట్టని సరుకును, అంటే మధ్యలో ఇంకా మైనస్ 8, మైనస్ 10 ఉన్న కార్టన్లను తొందరపడి లోడ్ చేస్తే, రీఫర్ దాన్ని కిందికి దించడానికి రోజులు పడుతుంది. ఎండాకాలంలో అసలు దించలేకపోవచ్చు కూడా. లోడింగ్ దగ్గర థర్మామీటర్ సూదిని రొయ్యల బ్లాకులోకి దింపి చూడాలనే నిబంధన ఉన్నది అందుకే. కార్టన్ పైన చెయ్యి పెట్టి చూస్తే తెలిసేది కాదు ఇది.

మిషన్ విషయానికొస్తే, మన ఇంట్లో ఫ్రిజ్ లాంటిదే. కంప్రెసర్, కండెన్సర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, ఎవాపరేటర్ ఉంటాయి. లోపలి ఎవాపరేటర్ వేడిని పీల్చుకుంటుంది. బయటి కండెన్సర్ ఆ వేడిని గాలిలోకి వదులుతుంది. గోడల్లో పాలీయూరిథేన్ ఫోమ్ ఉంటుంది. కరెంటు 380 నుంచి 460 వోల్టుల త్రీ ఫేజ్. వీటిని సాధారణంగా బయట 50 డిగ్రీల వరకు నడిచేలా తయారు చేస్తారు. అయితే ఒక మెలిక ఉంది. కెపాసిటీ ఇంత అని కంపెనీలు చెప్పే లెక్క ఎక్కువగా బయట 38 డిగ్రీలు ఉన్నప్పటిది. 38 దాటాక మిషన్ నడుస్తుంది. కానీ బ్రోచర్లో రాసినంత చలి ఇవ్వదు.

15 డిగ్రీల తేడాకి ఒకటిన్నర రెట్ల పని

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. 40 అడుగుల రీఫర్ గోడల్లోంచి, లోపలికీ బయటికీ మధ్య ఒక్కో డిగ్రీ తేడాకి సుమారు 40 నుంచి 45 వాట్ల వేడి లోపలికి కారుతుంది. లోపల మైనస్ 20, బయట 30 అయితే తేడా 50 డిగ్రీలు. అంటే 2.2 కిలోవాట్ల వేడి. బయట 45 అయితే తేడా 65. అప్పుడు 2.9 కిలోవాట్లు. పెరిగింది 30 శాతం.

ఇంతేనా అనిపిస్తుంది. అసలు దెబ్బ ఇంకోచోట ఉంది. కండెన్సర్ తన వేడిని బయటి గాలికి ఇవ్వాలంటే, అది ఆ గాలి కంటే వేడిగా ఉండాలి. బయట 30 ఉంటే గ్యాస్ 45 డిగ్రీల దగ్గర ద్రవంగా మారితే చాలు. బయట 45 ఉంటే 60 దాకా పోవాలి. అంత వేడికి గ్యాస్‌ను తోయాలంటే కంప్రెసర్ ఎక్కువ ప్రెషర్‌తో కొట్టాలి. ఎంత బాగా నడిచే మిషన్ అయినా, ఫిజిక్స్ సూత్రం ప్రకారమే అదే చలి ఇవ్వడానికి 20 శాతం పైగా అదనపు కరెంటు కావాలి. ఈ రెండూ కలిపితే, బయట పెరిగింది 15 డిగ్రీలే అయినా కంప్రెసర్ పని ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసేదాకా నేనూ నమ్మలేదు.

ఇది కూడా కండెన్సర్ శుభ్రంగా ఉంటేనే. సముద్రం మీద ఉప్పు తుంపర పడుతుంది, ఎండకు ఆరిపోతుంది, సన్నని అల్యూమినియం రెక్కల మధ్య ఉప్పు పేరుకుపోతుంది. గాలి ఆడదు. ప్రెషర్ ఇంకా పెరుగుతుంది. ఒక హద్దు దాటితే హై ప్రెషర్ స్విచ్ పడి కంప్రెసర్ ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. స్క్రీన్ మీద అలారం వస్తుంది. దీనికి మందు చాలా సింపుల్. కరెంటు ఆపి, మంచినీళ్లతో కండెన్సర్ కడగడం. ఉప్పునీళ్లతో కాదు!

ఇంకో విషయం చాలామందికి తెలియదు. షిప్పులో కరెంటు సాధారణంగా 440 వోల్టులు, 60 హెర్ట్జ్. మన ఒడ్డు మీద 415 వోల్టులు, 50 హెర్ట్జ్. రెండింటికీ రీఫర్ సరిపోతుంది. కానీ ఇన్వర్టర్ లేని పాత రకం యూనిట్లలో 50 హెర్ట్జ్ మీద కంప్రెసర్, ఫ్యాన్లు ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతాయి. అంటే షిప్పు ఎక్కకముందు, మన ఎండలో, మన యార్డులోనే ఆ పెట్టె కాస్త బలహీనంగా ఉంటుందన్నమాట.

డెక్ మీద ఎండ.. హోల్డులో ఉక్క

షిప్పులో రీఫర్లను రెండు చోట్ల పెడతారు. డెక్ పైన, లేదా కింద హోల్డులో. డెక్ మీద పెడితే ఎండ నేరుగా పడుతుంది. పెయింట్ చేసిన ఉక్కు పైకప్పు గాలి కంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. తెల్లరంగు వేసేది అందుకే. అందులోనూ పై వరుసలోని పెట్టెకి ఎండ దెబ్బ ఎక్కువ. ఇక్కడ ఒక లాభం ఉంది. షిప్పు నడుస్తుంటే గాలి ఆడుతూ ఉంటుంది. కండెన్సర్ వదిలిన వేడి ఎగిరిపోతుంది.

హోల్డులో ఎండ పడదు. ఆ మాట వినగానే సేఫ్ అనిపిస్తుంది. నిజానికి గండం అక్కడే ఎక్కువ. ఒక్కో రీఫర్ తాను వాడిన కరెంటునంతా చివరికి వేడిగా మార్చి ఆ హోల్డులోనే వదులుతుంది. వంద పెట్టెలు ఒక్కోటి 4 కిలోవాట్లు వాడితే, మూసిన గదిలో 400 కిలోవాట్ల హీటర్ పెట్టినట్టే. దాన్ని బయటికి తోయడానికి పెద్ద వెంటిలేషన్ ఫ్యాన్లు, ప్రతి పెట్టె దగ్గరకీ గాలి తెచ్చే డక్టులు ఉంటాయి. ఒక ఫ్యాన్ ఆగిందంటే హోల్డు వేడెక్కుతుంది. వేడెక్కితే అన్ని కంప్రెసర్లూ ఇంకా కష్టపడతాయి. కష్టపడితే ఇంకా కరెంటు, ఇంకా వేడి! దొంగలా మొదలై గొలుసుకట్టుగా పెరిగే సమస్య ఇది. కొన్ని షిప్పుల్లో, కొన్ని రీఫర్లలో గాలి బదులు నీళ్లతో చల్లబరిచే కండెన్సర్లు ఉన్నాయి. హోల్డుకి అవి మంచివి. కాకపోతే పైపులు, కప్లింగులు, లీకులు చూసుకోవడం ఇంకో తలనొప్పి.

వేడి రోజుల్లో షిప్పు జనరేటర్ల మీద కూడా భారం పెరుగుతుంది. అన్ని రీఫర్లూ ఒకేసారి ఫుల్ లోడ్ తీసుకుంటే అదనపు జనరేటర్ వేయాల్సిందే. ఒకసారి షిప్పంతా కరెంటు పోయి మళ్లీ వస్తే, వందల కంప్రెసర్లు ఒక్క క్షణంలో స్టార్ట్ అవ్వకూడదు. విడతల వారీగా ఆన్ చేస్తారు.

140 ఏళ్ల కిందటి కెప్టెన్ కథ

పెట్టెలో చలి ఉండటం వేరు, ఆ చలి సరుకంతటికీ అందడం వేరు. దీనికి చరిత్రలో ఒక మంచి ఉదాహరణ ఉంది. 1882 ఫిబ్రవరిలో న్యూజిలాండ్ నుంచి గడ్డకట్టిన మాంసంతో డునెడిన్ అనే తెరచాప ఓడ లండన్ బయల్దేరింది. 98 రోజుల ప్రయాణం. భూమధ్యరేఖ దగ్గరి వేడి ప్రాంతాలకు వచ్చేసరికి హోల్డులో చలి సరిగా తిరగడం లేదని కెప్టెన్ విట్‌సన్‌కి అర్థమైంది. ఆయనే చల్లగాలి గొట్టంలోకి పాకుతూ వెళ్లి, గాలి ఆడటానికి కొత్త రంధ్రాలు కోశాడు. ఆ చలికి లోపలే కొయ్యబారిపోతే, కాళ్లకు తాడు కట్టి బయటికి లాగి బతికించారు. సరుకు లండన్‌కి చెడకుండా చేరింది. న్యూజిలాండ్ మాంసం వ్యాపారం ఆ ప్రయాణంతోనే నిలబడింది.

ఇవాళ ఆ రంధ్రాల పని రీఫర్ నేల చేస్తుంది. నేల మీద ఇంగ్లిష్ 'టీ' అక్షరం ఆకారంలో అల్యూమినియం పట్టీలు ఉంటాయి. చల్లగాలి వాటి మధ్య నుంచి కిందుగా తలుపు దాకా వెళ్లి, పైకి లేచి, సరుకు మీదుగా మళ్లీ మిషన్ దగ్గరకి వస్తుంది. గోడ మీద ఎర్ర గీత కూడా ఉంటుంది. ఆ గీత దాటి కార్టన్లు పేర్చకూడదు. దాటితే గాలి తిరిగి వచ్చే దారి మూసుకుపోతుంది. ఇంకో నాలుగు కార్టన్లు పడతాయి కదా అని లోడింగ్ వాళ్లు కక్కుర్తిపడితే, తలుపు దగ్గరి సరుకు ముందు మెత్తబడుతుంది. స్క్రీన్ మీద మాత్రం మైనస్ 20 చూపిస్తూనే ఉంటుంది. ఎందుకంటే అది చూపించేది గాలి వేడిని, రొయ్య వేడిని కాదు.

గాలి మార్పిడి మూత గురించి కూడా చెప్పాలి. పళ్లు, కూరగాయలు ఊపిరి తీసుకుంటాయి కాబట్టి వాటికి కొంచెం బయటి గాలి ఇవ్వాలి. ఫ్రోజెన్ సరుకుకి ఆ మూత పూర్తిగా మూసి ఉండాలి. పొరపాటున తెరిచి వదిలేస్తే బంగాళాఖాతం ఉక్కగాలి లోపలికి దూరుతుంది. అందులోని తేమంతా ఎవాపరేటర్ మీద మంచుగా పేరుకుంటుంది. మంచు పేరుకుంటే గాలి ఆడదు. మంచు కరిగించడానికి మిషన్ మాటిమాటికీ డీఫ్రాస్ట్ హీటర్లు వేసుకుంటుంది. చల్లబరచాల్సిన పెట్టెలో హీటర్ నడుస్తుంటుంది. చూశారా!

వీటన్నిటికంటే చిన్న తప్పు, పెద్ద నష్టం ఒకటుంది. కాగితం మీద మైనస్ గుర్తు మర్చిపోవడం. మైనస్ 18 బదులు 18 అని సెట్ చేస్తే రొయ్యల పెట్టె ఏసీ రూమ్ అయిపోతుంది. అమెరికా లెక్కలో ఇంకో చిక్కు. వాళ్ల ఫారెన్‌హీట్ 'సున్నా' అంటే మన మైనస్ 18. అదే సెల్సియస్ సున్నా అనుకుని సెట్ చేస్తే సరుకు గోవిందా. అందుకే బుకింగ్‌లో గుర్తు, యూనిట్ రెండూ మాటల్లో కూడా రాయమంటారు.

పలాస జీడిపప్పు సంగతేంటి అని అడగొచ్చు. దానికి రీఫర్ అక్కర్లేదు, మామూలు డ్రై కంటైనర్ చాలు. జీడిపప్పుకి శత్రువు తేమ. పగలు వేడి, రాత్రి చలి మారుతుంటే కంటైనర్ పైకప్పు లోపల నీటి బిందువులు పట్టి సరుకు మీద కారుతాయి. తీరంలో వర్షం రాత్రి రేకుల ఇంట్లో పడుకున్నవాళ్లకి ఇది కొత్త కాదు. ఒక్కోసారి షిప్పింగ్ లైన్లు ఖాళీ రీఫర్లను మిషన్ ఆపేసి మామూలు సరుకుకి కూడా వాడుతుంటాయి. ఉత్తిగా వెనక్కి తీసుకెళ్లడం ఎందుకని.

కరెంటు పోతే ఎంతసేపు?

అందరూ అడిగే ప్రశ్న. పైన చెప్పిన లెక్కనే ముందుకు తీసుకెళ్దాం. 17 టన్నుల గడ్డకట్టిన రొయ్య, బయట 35 డిగ్రీలు. గంటకి లోపలికి కారే వేడికి సరుకు మొత్తం సగటున పావు డిగ్రీ వేడెక్కుతుంది. అంటే రోజుకి దాదాపు 6 డిగ్రీలు. బయట 45 అయితే 7 డిగ్రీలు. తలుపు తీయకపోతేనే ఇది. గంటా రెండు గంటలు కరెంటు పోతే కొంపలేం మునగవు. కానీ ఈ 'సగటు' అనే మాట దగ్గర జాగ్రత్త. మధ్యలో ఉన్న కార్టన్ కదలదు. గోడ పక్కది, పై వరుసది ముందు వేడెక్కుతాయి. మెత్తబడి మళ్లీ గడ్డకడితే రొయ్య లోపల మంచు పలుకులు పెద్దవై కండ చెడుతుంది. కరిగించినప్పుడు నీరు కారిపోతుంది. ప్యాకెట్ అడుగున మంచు గడ్డ కనిపిస్తే, దారిలో ఎక్కడో ఒకసారి కరిగిందని కొనేవాడికి తెలిసిపోతుంది.

రోడ్డు మీద రీఫర్‌కి కరెంటు ఇచ్చేది ట్రైలర్‌కి తగిలించే డీజిల్ జెన్‌సెట్. పలాస నుంచి విశాఖకి సుమారు 200 కిలోమీటర్లు. మామూలు రోజుల్లో పెద్ద దూరం కాదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజును ఒకసారి గుర్తు చేసుకోండి. స్తంభాలు ఒరిగిపోయాయి, చెట్లు రోడ్డుకి అడ్డంగా పడ్డాయి, ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు కోల్డ్ స్టోరేజీ అయినా, కంటైనర్ అయినా, డీజిల్ ఉన్నంతసేపే చలి.

సముద్రం మీద కూడా ప్లగ్ తీసే ఘట్టాలు ఉంటాయి. విశాఖ కంటైనర్ టెర్మినల్ 2003 నుంచి నడుస్తోంది. అక్కడ ఎక్కిన పెట్టె చాలాసార్లు నేరుగా అమెరికా పోదు. కొలంబో, సింగపూర్ లాంటి చోట పెద్ద షిప్పుకి మారుతుంది. మారేటప్పుడు ప్లగ్ తీయాలి, దించాలి, యార్డులో మళ్లీ పెట్టాలి, మళ్లీ తీయాలి. ఎండలో కాంక్రీటు యార్డు మీద ప్లగ్ లేకుండా మర్చిపోయిన పెట్టె కథలు రీఫర్ క్లెయిముల్లో కొత్తేం కాదు. ఇప్పుడు చాలా లైన్లు శాటిలైట్, మొబైల్ నెట్‌వర్క్ ద్వారా ఆఫీసు నుంచే పెట్టె వేడిని చూసే ఏర్పాటు పెట్టాయి. అలారం ఆఫీసులో మోగుతుంది సరే, ప్లగ్ పెట్టాల్సింది మాత్రం అక్కడున్న మనిషే.

2023 చివర్లో ఎర్ర సముద్రంలో హూతీల దాడులు మొదలయ్యాక ఈ ప్రయాణం ఇంకా సాగింది. సూయజ్ కాలువ వదిలి, ఆఫ్రికా కింద గుడ్ హోప్ అగ్రం చుట్టూ తిరిగి వెళ్లారు. 10 నుంచి 14 రోజులు అదనం. తమాషా ఏంటంటే, ఎర్ర సముద్రం దక్షిణ భాగంలో వేసవిలో నీళ్లే 30 డిగ్రీలు దాటి ఉంటాయి, గుడ్ హోప్ దారి చల్లన. అంటే రీఫర్ మిషన్‌కి ఆ దారి సుఖమే. కాకపోతే రోజులు పెరిగితే ఖర్చు పెరుగుతుంది, పెట్టెలు తిరిగి రావడం ఆలస్యమవుతుంది, ఇక్కడ ప్లాంటులో లోడింగ్‌కి ఖాళీ రీఫర్ దొరకదు. కోల్డ్ స్టోరేజీ నిండితే కొనుగోలు నెమ్మదిస్తుంది. చెరువు గట్టు మీద కౌంట్ రేటు పడిపోతుంది. సముద్రంలోని సరుకు రైతుది కాదు, ఎగుమతిదారుది. కానీ దెబ్బ తిరిగి తిరిగి రైతు దగ్గరికే వస్తుంది.

లోపలి గ్యాస్ కూడా చిన్న విషయం కాదు

చాలా రీఫర్లలో ఉండేది ఆర్-134ఏ అనే గ్యాస్. వాతావరణాన్ని వేడెక్కించడంలో ఇది కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా ఘాటు. అందుకని కొత్త గ్యాసుల వైపు వెళ్తున్నారు. కార్బన్ డయాక్సైడ్‌తోనే నడిచే రీఫర్ కూడా వచ్చింది. కానీ ఆ గ్యాస్ 31 డిగ్రీలు దాటితే ఎంత ప్రెషర్ పెట్టినా ద్రవంగా మారదు. మన వేడిలో దాన్ని నడపాలంటే చాలా ఎక్కువ ప్రెషర్, వేరే డిజైన్ కావాలి.

2011లో జరిగింది ఇంకా భయంకరం. వియత్నాంలో సర్వీసు చేసిన కొన్ని రీఫర్లలో నకిలీ గ్యాస్ ఎక్కించారు. అందులో మిథైల్ క్లోరైడ్ కలిసింది. అది కంప్రెసర్‌లోని అల్యూమినియంతో కలిసి, గాలి తగిలితే తనంతట తానే అంటుకునే పదార్థంగా మారింది. రిపేరు చేస్తుండగా పేలి ముగ్గురు చనిపోయారు. వియత్నాంలో ఇద్దరు, బ్రెజిల్‌లో ఒకరు. ఆ తర్వాత ప్రపంచమంతా అనుమానం ఉన్న వేల పెట్టెలను పక్కన పెట్టి పరీక్షించారు. సిలిండర్ మీద పేరు చూసి గ్యాస్ ఎక్కించకూడదు, టెస్ట్ చేసి ఎక్కించాలి అనేది అప్పటి నుంచి రీఫర్ మెకానిక్ మొదటి పాఠం. ఊళ్లో ఏసీ, ఫ్రిజ్ రిపేరు నేర్చుకుని పోర్టు యార్డుల్లో పనికి వెళ్లే మన కుర్రాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఆ వేడిలో తిరిగేది మన కుర్రాడే

ఉద్దానం వైపు సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు ఊళ్లలో షిప్పు ఉద్యోగం అంటే తెలియని ఇల్లు తక్కువ. రీఫర్ల బాధ్యత షిప్పులో ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్‌ది, అంటే ఈటీవోది. ఎస్టీసీడబ్ల్యూ ఒప్పందానికి మనీలాలో చేసిన సవరణలు 2012 జనవరి 1న అమల్లోకి వచ్చాక, ఈటీవోకి, ఎలక్ట్రికల్ రేటింగ్‌కి విడిగా సర్టిఫికెట్ వచ్చింది. ఎలక్ట్రికల్ డిప్లొమా, ఇంజినీరింగ్ చేసినవాళ్లకు ఇదొక దారి. పదో తరగతితో వెళ్లే జీపీ రేటింగ్ కుర్రాళ్లకూ రీఫర్ రౌండ్ల డ్యూటీ పడుతుంది.

రౌండ్ అంటే రోజుకి రెండుసార్లు ప్రతి పెట్టె దగ్గరికీ వెళ్లి సెట్ చేసింది ఎంత, ఉన్నది ఎంత, అలారం ఏముంది రాసుకోవడం. చదవడానికి తేలిక. హోల్డులో 45 డిగ్రీల ఉక్కలో, బాయిలర్ సూట్‌లో, నిచ్చెనలెక్కుతూ చేయడం వేరు. తడి డెక్ మీద 440 వోల్టుల ప్లగ్ ఉంటుంది. బ్రేకర్ ఆపకుండా ప్లగ్ లాగితే ప్రాణానికే ముప్పు. ఒంటరిగా హోల్డులోకి దిగకూడదు. వేడి గంటల్లో కాకుండా తెల్లారుజామున, సాయంత్రం రౌండ్ పెట్టుకోవడం, మధ్యమధ్యలో చల్లటి చోటికి రావడం, దాహం వేయకముందే నీళ్లు తాగడం.. ఇవి పాటించే షిప్పులు ఉన్నాయి, పాటించనివీ ఉన్నాయి.

మన ప్రాంతానికి ఇందులో ఇంకో కోణం ఉంది. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి వేరే చెప్పక్కర్లేదు. పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆస్పత్రి 2023 డిసెంబర్ 14న ప్రారంభమైంది. జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అనుమానాల జాబితాలో నీళ్లు, జన్యువులతో పాటు ఎండలో పని, ఒంట్లో నీరు ఇంకిపోవడం కూడా ఉన్నాయి. మధ్య అమెరికా చెరకు తోటల కూలీల్లో కనిపించే ఇలాంటి జబ్బు విషయంలో శాస్త్రవేత్తలు ముందుగా చూసేది ఎండ దెబ్బనే. షిప్పు పని వల్ల కిడ్నీ పోతుందని దీని అర్థం కాదు. కానీ ఇంట్లో ఇప్పటికే ఒకరిద్దరు డయాలసిస్ మీద ఉన్న కుర్రాడు, షిప్పు ఎక్కే ముందు మెడికల్‌తో పాటు సీరం క్రియాటినిన్, యూరిన్ టెస్ట్ చేయించుకుని రిపోర్టు దాచుకుంటే మంచిది. ఇంటికి వచ్చిన ప్రతిసారీ మళ్లీ చేయించుకోవాలి. ఒళ్లు నొప్పులకి షిప్పులో నొప్పి మాత్రలు అదే పనిగా మింగకూడదు. వేడిలో, నీళ్లు తక్కువ తాగినప్పుడు అవి కిడ్నీకి ఇంకా చెడ్డవి.

ఇక ఏజెంట్లు. షిప్పు ఉద్యోగం ఇప్పిస్తామంటూ లక్షలు అడిగేవాళ్లు ఈ తీరంలో ఎప్పుడూ ఉంటారు. ఉద్యోగం చూపించినందుకు నావికుడి దగ్గర ఫీజు తీసుకోకూడదని 2006 నాటి మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ చెబుతోంది. దాన్ని మన దేశం 2015లో ఆమోదించింది. పాస్‌పోర్టు, సీడీసీ, మెడికల్ ఖర్చులు మనవి. వీసా ఖర్చు ఓనర్‌ది. ఏజెన్సీకి ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్స్ ఉందో లేదో డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ వెబ్‌సైట్లో చూసుకోవచ్చు. నంబర్ చెప్పడానికి తటపటాయించే ఏజెంటుకి డబ్బు ఇవ్వొద్దు.

మూలపేటలో ఏం అడగాలి?

సంతబొమ్మాళి మండలం మూలపేటలో పోర్టుకి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. అంతకుముందు దీన్నే భావనపాడు పోర్టు అనేవాళ్లు. నాలుగు బెర్తులు, ఏడాదికి 23.5 మిలియన్ టన్నుల సామర్థ్యం అన్నది ప్రణాళిక. ఇక్కడి నుంచే రొయ్య షిప్పెక్కితే విశాఖ దాకా రోడ్డు ప్రయాణం తగ్గుతుందన్నది ఈ ప్రాంత రైతుల ఆశ.

అయితే బెర్తు ఉంటే సరిపోదు. రీఫర్ పెట్టెకి యార్డులో ప్లగ్ పాయింట్లు కావాలి. తుపానుకి గ్రిడ్ పోయినా రోజుల తరబడి నడిపే జనరేటర్లు కావాలి. ఎక్కించేముందు ఖాళీ పెట్టెని నడిపి చూసే పీటీఐ బేలు, గ్యాస్ టెస్ట్ చేసే మెకానిక్, కండెన్సర్ కడగడానికి మంచినీళ్లు కావాలి. దగ్గర్లో ఫ్రీజింగ్ ప్లాంటు లేకపోతే రొయ్య ఎలాగూ ఐసు లారీలో దక్షిణానికే పోతుంది, గడ్డకట్టి మళ్లీ వెనక్కి ఉత్తరానికి రావాలి. ఎండాకాలంలో ఆ రానుపోను ఎవరూ ఒప్పుకోరు. పోర్టు గురించి గ్రామసభల్లో, మీటింగుల్లో మాట్లాడేటప్పుడు బెర్తులెన్ని అని అడుగుతున్నాం. రీఫర్ ప్లగ్గులెన్ని, వాటికి బ్యాకప్ ఎన్ని గంటలు అని కూడా అడగండి.